టీడీశాట్ ఇంటరిమ్ ఆర్డర్ ఎదురు తిరిగితే ఎక్కడికి వెళ్లడం మేలు?

కూకట్‌పల్లిలో హెడ్‌ఎండ్ (ఛానెళ్ల సిగ్నల్ అందుకుని కేబుల్‌లోకి పంపే కేంద్రం) నడిపే ఓ ఎమ్మెస్వో (లోకల్ కేబుల్ ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే మల్టీ సిస్టమ్ ఆపరేటర్) ఉన్నాడనుకుందాం. బకాయిలు కట్టలేదని పే ఛానెళ్ల బ్రాడ్‌కాస్టర్ సిగ్నల్ కట్ చేస్తానంటూ మూడు వారాల నోటీసిచ్చాడు. లెక్కే తప్పంటూ ఎమ్మెస్వో ఢిల్లీలోని టీడీశాట్‌కు, అంటే టెలికాం, కేబుల్ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లాడు. బకాయిలో సగం నాలుగు వారాల్లో కట్టాలి, నెలనెలా వచ్చే ఇన్‌వాయిస్ ఆపకుండా కట్టాలి, అలాగైతేనే సిగ్నల్ ఉంటుందని ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు (ఇంటరిమ్ ఆర్డర్) ఇచ్చింది. సగం కట్టేంత డబ్బు చేతిలో లేదు.

అప్పీల్ దారి మూసే ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం టీడీశాట్ తీర్పు మీద సుప్రీంకోర్టుకు అప్పీల్ ఉంది కానీ, మధ్యంతర ఉత్తర్వుల మీద లేదు. ఇక మిగిలినవి హైకోర్టులో రిట్ (రాజ్యాంగం ఇచ్చిన అధికారంతో జోక్యం చేసుకోమనే పిటిషన్), సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్ (ప్రత్యేక అనుమతి ఇచ్చి వినమనే పిటిషన్), లేదంటే మళ్లీ ఆ ట్రిబ్యునల్ గడపే.

చాలామందికి ముందు తోచేది హైకోర్టు. ట్రిబ్యునళ్ల ఉత్తర్వులను పరిశీలించే హైకోర్టు అధికారాన్ని ఏ చట్టంతోనూ తీసేయడానికి వీల్లేదని 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సైనిక ట్రిబ్యునల్ విషయంలో 2023లోనూ ఆ మాటే మళ్లీ చెప్పింది. కానీ అధికారం ఉండటం వేరు, వాడటం వేరు. సగం బదులు పావు కట్టమని చెప్పాల్సింది అన్న వాదనకు హైకోర్టు కదలదు, అది ట్రిబ్యునల్ విచక్షణ. పైగా ఆ ట్రిబ్యునల్ బెంచీకి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తో, హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తో అధ్యక్షత వహిస్తారు. ఆ ఉత్తర్వులో చెయ్యి పెట్టడానికి ఏ హైకోర్టయినా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

ఏ హైకోర్టు అన్నది ఇంకో తలనొప్పి. మదీనా దగ్గరి మన హైకోర్టు చేతిలోనే ఉంది, లాయరూ తెలిసినవాడే. అయితే రాజ్యాంగం 227వ అధికరణం కింద పర్యవేక్షణ తన పరిధిలోని ట్రిబ్యునళ్ల మీదే. వివాదంలో కొంత ఇక్కడే పుట్టిందని 226(2) కింద వాదించొచ్చు. కానీ ఆ వాదన తేలేలోపు నాలుగు వారాలు గడిచిపోతాయి. నన్నడిగితే, రిట్ వేయాల్సే వస్తే ఢిల్లీలోనే వేయాలి. అదీ మీ మాట వినకుండా ఉత్తర్వు ఇచ్చినప్పుడో, కేసులో లేని లోకల్ ఆపరేటర్ మీద భారం పడ్డప్పుడో, అసలు ఆ వివాదమే ట్రిబ్యునల్ పరిధి కానప్పుడో. అలాంటప్పుడు తటపటాయించొద్దు.

సుప్రీంకోర్టుకు 136వ అధికరణం కింద మధ్యంతర ఉత్తర్వు మీదా వెళ్లొచ్చు. ఖర్చు ఎక్కువ, హైకోర్టుకెందుకు వెళ్లలేదన్న ప్రశ్న వస్తుంది, రెండు నిమిషాల్లో కొట్టేయొచ్చు. కారణాలు చెప్పకుండా కొట్టేసినంత మాత్రాన కింది ఉత్తర్వు సరైనదని ఆమోదించినట్టు కాదు. అయినా అది చేతిలో పట్టుకుని ట్రిబ్యునల్ ముందు నిలబడితే మీ మాట బరువు తగ్గుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

అందుకే మామూలు డబ్బు లెక్కల గొడవల్లో నా ఓటు ట్రిబ్యునల్‌కే: గడువు దాటకముందే ఉత్తర్వు సవరించమని అప్లికేషన్. కష్టాల్లో ఉన్నామని రాస్తే పని జరగదు. నెలవారీ సబ్‌స్క్రిప్షన్ రిపోర్టునూ బ్రాడ్‌కాస్టర్ ఇన్‌వాయిస్‌నూ పక్కపక్కన పెట్టాలి. ఆపేసిన సెట్‌టాప్ బాక్సులకూ బిల్లు పడి ఉంటే ఏ నెలలో ఎన్ని, ఎంత అని పట్టికగా చూపాలి. ఒప్పుకునే మొత్తాన్ని వేరుగా రాసి, అందులో ఎంతో కొంత ముందే కట్టేసి రసీదు జతచేయాలి. డబ్బు కట్టినవాడు గడువు అడిగితే వినే తీరే వేరు. వాయిదాలు అడగండి, లేదంటే బ్యాంక్ గ్యారంటీ ఇస్తామనండి. దాంతోపాటు అసలు పిటిషన్‌ను త్వరగా విచారించమని కోరండి.

బ్రాడ్‌కాస్టర్ వైపు నుంచైతే పెద్దగా ఆలోచించేదేమీ లేదు. నెలనెలా డబ్బు వస్తున్నంతకాలం పై కోర్టుకు వెళ్లి ఒరిగేది తక్కువ.

ఒక్కటి మాత్రం లాయర్‌ను ముందే అడగండి. రిట్ దాఖలైందని ట్రిబ్యునల్ గడువు ఆగదు, హైకోర్టు విడిగా స్టే ఇస్తేనే ఆగుతుంది. ఆ స్టే వచ్చేదాకా ఇన్‌వాయిస్‌లు కడుతూనే ఉండాలి.