హాస్టల్ వంటశాలలో గ్యాస్ మేనిఫోల్డ్, లీకు అలారం: కొన్నేళ్ళ వాడకం తరువాత సమీక్ష

మా వసతిగృహపు వంటశాలలో పొయ్యిల పక్కనే ఉండే సిలిండర్లను బయటి జాలీ గదిలోకి మార్చి, మేనిఫోల్డ్ (కొన్ని సిలిండర్లను కలిపి ఒకే లైనులోకి గ్యాసు పంపే గొట్టాల అమరిక) పెట్టించి, లోపలికి పైపులైను వేయించి, లీకును పసిగట్టే అలారాన్నీ దానికి అనుసంధానమై, లీకు కనబడితే గ్యాసును ఆపేసే సోలినాయిడ్ వాల్వునూ (కరెంటుతో పనిచేసే కవాటం) బిగించి కొన్నేళ్ళయింది. నిర్వహణ నా బాధ్యత కనుక, ఇలాంటివి పెట్టించుకోబోయేవారి కోసం నా అనుభవం రాస్తున్నాను.

అన్నిటికంటే మేలు చేసింది మేనిఫోల్డే. ఒక్క సిలిండరు మీద రెండు పెద్ద బర్నర్లు నడిపినప్పుడు, లోపలి ద్రవం వేగంగా ఆవిరవుతూ సిలిండరు చల్లబడి, పైన మంచు పట్టి, మంట సన్నగిల్లేది. అప్పుడు వంటవారు దాన్ని పక్కకు పడుకోబెట్టేవారు, లేదా మరిగే నీళ్ళు పోసేవారు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. ఆ ద్రవం దాదాపు 250 రెట్ల వాయువుగా వ్యాకోచిస్తుంది కనుక ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు వంటశాలలో మరొకటి లేదనుకుంటాను. ఇప్పుడు రెండు సిలిండర్లు కలిసి గ్యాసు అందిస్తున్నందున ఆ అవసరమే రావడం లేదు. నిల్వ విషయంలో మాత్రం 19 కిలోలవి ఐదుకు మించనివ్వను. మొత్తం 100 కిలోలు దాటితే 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల కింద లైసెన్సు కావాలి.

అలారం సంగతి వేరు. బిగించడానికి వచ్చినవారు దాన్ని కిటికీ ఎత్తున పెట్టబోయారు. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, నేలబారున పరచుకుంటుంది కనుక పట్టుబట్టి అడుగు ఎత్తుకు దింపించాను. అక్కడ నేల కడిగే నీళ్ళు చిందుతాయి, దానికి రేకు అడ్డు పెట్టాల్సి వచ్చింది. స్పిరిట్ ఆవిరికి, ఒక్కోసారి గాఢమైన పోపు పొగకు కూడా మోగుతుంది. పదేపదే మోగితే పనివారు స్విచ్చు ఆపేస్తారు, అసలు చిక్కు అదే. సెన్సారుకు ఆయుష్షు తక్కువ. ఏటా సరిచూసే ఒప్పందం లేకుండా కొనవద్దు.

సోలినాయిడ్ వాల్వు గురించి అమ్మేవారు చెప్పని మాట ఒకటుంది. కరెంటు పోగానే అది మూసుకుంటుంది, వంట మధ్యలో మంటలన్నీ ఆరిపోతాయి. భద్రతకు అది సరైన పద్ధతే. కానీ కరెంటు వచ్చి వాల్వు తెరిచేసరికి, తెరిచి ఉన్న పొయ్యి నాబుల నుంచి వెలగని గ్యాసు గదిలోకి వస్తుంది. గాలిలో అది సుమారు 2 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటుంది. అందుకే చేత్తో రీసెట్ చేస్తే తప్ప తెరుచుకోని రకమే తీసుకోవాలి. ఒక మనిషి ప్రతి నాబునూ మూసి, సరిచూశాకే రీసెట్ చేయాలి. మేము వాల్వుకు చిన్న యూపీఎస్ పెట్టాక ఈ బెడద చాలా తగ్గింది. వాల్వును తప్పించి గ్యాసు వెళ్ళేలా పక్కన బైపాస్ లైను ఇస్తామన్నారు, వద్దన్నాను. ఉంటే అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇన్ని ఉన్నా, సిలిండరు మార్చిన ప్రతిసారీ దాని వాల్వులోని రబ్బరు వాషరు చూడడం, బిగింపులకు సబ్బునీళ్ళు పూసి బుడగలు గమనించడం మానలేదు. మాకు లీకులు ఎక్కువగా దొరికింది ఆ సబ్బునురగలోనే. ఒకే సిలిండరుతో నడిచే చిన్న టిఫిన్ కొట్టుకు ఈ ఏర్పాటంతా అక్కరలేదు. మంచి గొట్టం, నేలబారున గాలి పోయే మార్గం, సబ్బునీళ్ళ డబ్బా ముందు ఉండాలి. రోజుకు వందలమందికి వండే చోట మాత్రం మేనిఫోల్డ్‌ను నిస్సందేహంగా పెట్టించుకోమంటాను. అలారాన్ని, ఏటా చూసే మనిషి దొరికితేనే.