శ్రీతాళం మొక్క: నర్సరీ సంచీలో ఏం చూసి కొనాలి

విజయవాడ నర్సరీలో కొన్న శ్రీతాళం (తాటి కుటుంబపు పెద్ద చెట్టు) మొక్క ఆరోగ్యంగానే ఉంది, సంచీయే మరీ చిన్నది. శ్రీతాళం మొలక ముందు నేలలోకి లోతుగా దిగి, ఆ తర్వాతే ఆకు తీస్తుంది. అడుగున చుట్టుకున్న వేరు తెగితే మొక్క నెలల తరబడి కదలదు. అందుకే 2, 3 ఆకుల మొక్కే తీసుకోండి, సంచీని నిలువుగా కోసి మట్టిగడ్డ చెదరకుండా దించండి.

నల్లరేగడిలో గుంత తవ్వి ఇసుక నింపితే వానాకాలంలో అది నీటితొట్టే. అడుగు ఎత్తు దిబ్బ మీద నాటాలి. బాగా మాగిన ఎరువే వేయండి, పచ్చిపేడ కుప్పల్లో తాటి, కొబ్బరి జాతి చెట్ల మొవ్వు తొలిచే కొమ్ముపురుగు పెరుగుతుంది.

ఆకు 5 మీటర్ల వెడల్పు దాకా విచ్చుకుంటుంది, తొడిమ అంచులకు ముళ్లుంటాయి. గోడకు బాగా దూరంగా నాటాల్సిందే. 30 నుంచి 80 ఏళ్లకు ఒక్కసారే పూస్తుంది, కాయలు పండాక చెట్టు చనిపోతుంది. ఇంత ఘనమైన చెట్టుకు చోటున్నవాళ్లు తప్పక పెంచాలి.