మేబెరీలో పన్నెండేళ్లు: ‘ది యాండీ గ్రిఫిత్ షో’

నార్త్ కరోలినాలోని కేరీకి వచ్చిన కొత్తలో, సాయంత్రం అన్నాల వేళకి లోకల్ చానెల్లో ఓ బ్లాక్ అండ్ వైట్ షో వచ్చేది. తండ్రీకొడుకులు గేలాలు భుజాన వేసుకుని చెరువు పక్కన నడుస్తుంటారు, వెనక ఎవరో ఈల వేస్తుంటారు. లేచి రిమోట్ వెతకడానికి బద్ధకించి చూడటం మొదలెట్టాను. పన్నెండేళ్లయింది. 249 ఎపిసోడ్లూ అయిపోయాయి, నచ్చినవి నాలుగైదు సార్లు తిరగేశాను.

1960 అక్టోబరు నుంచి 1968 ఏప్రిల్ దాకా అమెరికాలో సీబీఎస్ అనే టీవీ నెట్‌వర్క్‌లో వచ్చింది. నార్త్ కరోలినాలోనే ఉన్నట్టు కల్పించిన మేబెరీ అనే చిన్న ఊరికి యాండీ టేలర్ (యాండీ గ్రిఫిత్ వేశాడు) షెరిఫ్, అంటే పోలీసు పెద్ద. భార్య పోయింది, కొడుకు ఓపీ చిన్నవాడు. ఇల్లు చూసుకోవడానికి, ఒకప్పుడు యాండీని పెంచిన బీ ఆంటీ వస్తుంది. తండ్రీకొడుకులిద్దరూ ఆవిణ్ణి ఆంటీ అనే పిలుస్తారు. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు ఇది బొత్తిగా మింగుడుపడలేదు. “వాడికి అత్తయితే పిల్లాడికి నాయనమ్మ వరస కదరా!”

చనిపోయిన తల్లి ఊసు షోలో దాదాపు రాదు. అలాగని మర్చిపోనివ్వరు కూడా. నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ చూడండి. ఓపీ ఉండేలుతో ఓ పిట్టని కొడతాడు. చచ్చిన పిట్టని దోసిట్లో పెట్టుకుని ఎగిరిపొమ్మని బతిమాలతాడు. అది పిల్లల తల్లి. రాత్రి యాండీకి తెలుస్తుంది. కొడతావా నాన్నా అంటాడు వాడు. యాండీ కొట్టడు. కిటికీ తెరుస్తాడు. గూట్లో పిల్లలు అరుస్తుంటాయి. అవి పిలుస్తున్నది ఇక ఎప్పటికీ రాని తల్లిని అని చెప్పి వెళ్లిపోతాడు. తల్లి లేని ఇంట్లో ఆ మాట అనేవాడికీ వినేవాడికీ ఎలా ఉంటుందో షో చెప్పదు. ఓపీగా వేసిన రాన్ హోవర్డ్ ముఖం ఒక్కటి చూపిస్తుంది.

మిగతాది నవ్వే. డిప్యూటీ బార్నీకి తుపాకీలో గుండు ఉంచుకునే అర్హత లేదు, ఉన్న ఒక్క గుండూ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. డాన్ నాట్స్‌కి ఈ పాత్ర అయిదు ఎమ్మీలు (అమెరికా టీవీ అవార్డులు) తెచ్చింది. బీ ఆంటీ పెట్టిన దోసకాయ ఊరగాయ కిరసనాయిలు కంపు కొడుతుంటే, ఆవిడ మనసు నొప్పించలేక యాండీ, బార్నీ ఆ సీసాల్ని ఊరు దాటిపోయే కార్లవాళ్లకి అంటగట్టే ఎపిసోడ్ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. (మా అత్తగారు ఉన్నప్పుడు పెట్టం.)

అయిదో సీజన్ తర్వాత నాట్స్ వెళ్లిపోయాడు, రంగులొచ్చాయి, ఉప్పు తగ్గింది. ఆఖరి సీజన్‌లో దేశం మొత్తమ్మీద నంబర్ వన్ అయింది, నిజమే. నేనైతే ఆ మూడు సీజన్లూ రెండోసారి చూడలేకపోయాను.

ఇంకోటి కూడా ఉంది. 1960 ఫిబ్రవరి 1న ఇదే రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ల భోజనం కౌంటర్ దగ్గర కూర్చుని, వడ్డించకపోయినా లేవలేదు. సరిగ్గా రెండు వారాలకి, ఈ షో ఇంకా మొదలవకముందే, డానీ థామస్ అనే హాస్యనటుడి షోలో ఓ ఎపిసోడ్‌గా మేబెరీ తొలిసారి టీవీలో కనపడింది. ఆ తర్వాత ఎనిమిది సీజన్లలో డైలాగులున్న నల్లజాతి పాత్ర ఒక్కటే, అదీ 1967లో. ఆ కౌంటర్ ఇప్పుడు గ్రీన్స్‌బరో మ్యూజియంలో ఉంది. చూసొచ్చిన వారం ఒక్క ఎపిసోడూ పెట్టబుద్ధి కాలేదు.

చూస్తే మాత్రం టీవీలో వచ్చేది కాకుండా డిస్కులు తెచ్చుకోండి. ప్రకటనలకి చోటు కోసం మా చానెల్ చివరి రెండు నిమిషాలు కోసేసేది. డిస్కులు కొన్నాకే తెలిసింది ఎన్ని అరుగు సీన్లు పోయాయో. అలాంటి అరుగు మీదే ఓ ఆదివారం బార్నీ, ఇంటికెళ్లి ఓ కునుకు తీసి, ఆ తర్వాత ప్రియురాలు థెల్మా లూ ఇంటికెళ్లి టీవీ చూస్తానంటాడు. కదలడు. కాసేపాగి మళ్లీ అదే అంటాడు. మళ్లీ కదలడు. ఆదివారం భోజనాలయ్యాక నేనూ అంతే.