వరద నీళ్ళ మీదుగా మళ్ళీ లైరా దగ్గరికి

ఇంగ్లీషు రచయిత ఫిలిప్ పుల్‌మన్ ఫాంటసీ నవలలు ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ మూడు పుస్తకాలూ డిగ్రీ చదివేటప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. అందుకే 2017లో పుల్‌మన్ అదే లోకంలో ‘లా బెల్ సోవాజ్’ రాశాడని తెలిస్తే సంతోషం కంటే భయమే ఎక్కువైంది. మూడో పుస్తకం వచ్చి అప్పటికి పదిహేడేళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత ఆ లోకాన్ని పాడు చేస్తాడేమోనని.

ఇప్పటికి మూడుసార్లు చదివాను. ఆఫీసుకి మెట్రోలో వెళ్తూ నటుడు మైకేల్ షీన్ గొంతులో ఆడియో పుస్తకంగా ఒకసారి విన్నాను. పాడు చెయ్యలేదు.

ఇది పాత కథకి పదేళ్ళ ముందు సంగతి. పాత పుస్తకాల నాయిక లైరా ఇందులో నెలల పాప. ఏడుస్తుంది, పాలు తాగుతుంది, అంతే. నాకు బాగా నచ్చింది ఇదే. మనకిష్టమైన పిల్ల చేత మళ్ళీ అవే సాహసాలు చేయించకుండా, ఆమెని కాపాడాల్సిన ఇద్దరి చేతుల్లో పెట్టాడు. ఒకరు ఆక్స్‌ఫర్డ్ దగ్గర నది ఒడ్డు సత్రంలో పెరిగే పదకొండేళ్ళ మాల్కమ్, రెండోది అక్కడే గిన్నెలు కడిగే ఆలిస్. ఇద్దరికీ మొదట్లో అస్సలు పడదు.

మొదటి సగం నాకు ప్రాణం. మాల్కమ్‌కి చెక్కతో చేసిన ఓక్ కాయ ఒకటి దొరుకుతుంది. మూత మామూలుగా తిప్పే వైపు తిప్పితే రాదు. రెండో వైపు తిప్పితే ఊడి వస్తుంది, లోపల మడత పెట్టిన కాగితం. ఆ పేజీ దగ్గర ఇప్పటికీ నా వేళ్ళు ఆగిపోతాయి. పిల్లల చేత టీచర్ల మీద ఫిర్యాదులు చేయించే సంఘం బడిలోకి వచ్చి బ్యాడ్జీలు పంచే చోట మాత్రం చదువుతుంటే ఊపిరాడదు.

తర్వాత వరద. పాపతో ఇద్దరూ పడవలో కొట్టుకుపోతారు. మొదటిసారి చదివినప్పుడు ఈ సగం సాగదీసినట్టు అనిపించింది. పాపని తనదే అనుకునే మాయావిడ, నది ద్వారం కాసే రాక్షసుడు, అన్నీ దేనికది విడివిడి కథల్లా ఉంటాయి. ఆ లోపం ఇప్పటికీ లోపమే.

కానీ 2020 అక్టోబర్‌లో సరూర్‌నగర్ చెరువు పొంగి మా వీధి మునిగింది. కింది పోర్షన్ అక్క నాలుగు నెలల పాపని ఎత్తుకుని పైకి వచ్చేసింది. కరెంటు లేదు. ‘‘తమ్ముడూ, గ్యాస్ ఉందా? పాప సీసాకి నీళ్ళు మరగబెట్టాలి’’ అంది. వంటగదిలో తాడు కట్టి పాప గుడ్డలు ఆరేశాం, రెండు రోజులైనా ఆరలేదు. ఆ వారమే పుస్తకం మళ్ళీ తీశాను. మాల్కమ్, ఆలిస్ పడవలో వణుకుతూ ముందు పాప పాల సంగతి, గుడ్డల సంగతి చూసుకునే పేజీలు మొదటిసారి ఎలా దాటేశానో నాకే అర్థం కాలేదు. ఫాంటసీల్లో యుద్ధాలు బోలెడు చదివాను, పసిపాప ఆకలి గురించి ఇంత శ్రద్ధగా రాసినవాళ్ళని చూడలేదు.

ఈ లోకంలో ప్రతి మనిషి ఆత్మా జంతువు రూపంలో పక్కనే తిరుగుతుంది, దాన్నే డీమన్ అంటారు. మూడు కాళ్ళ హైనా డీమన్‌తో తిరిగే బోన్‌విల్ నిజంగా భయపెడతాడు, ఆలిస్‌కి జరిగేది ఇంకా బాధ పెడుతుంది. పిల్లల పుస్తకం కదా అని పదేళ్ళ వాళ్ళకి ఇవ్వకండి.

కొత్తవాళ్ళు పాత మూడూ చదివాకే దీన్ని పట్టుకోండి. ఆ తర్వాత పాత మూడింట్లో మొదటిదైన ‘నార్తర్న్ లైట్స్’ ఇంకోసారి తెరవండి. లైరా జోర్డన్ కాలేజీ కప్పుల మీద పొగరుగా పరుగెత్తుతుంటే, నాకు ఇప్పుడు తడి పడవలో ఆ ఇద్దరే కనిపిస్తున్నారు.