పాత డబుల్ బ్యారెల్ తుపాకీకి మెరుగు పెట్టిస్తున్నారా? చిత్తూరు, తిరుపతి జిల్లాల లైసెన్సుదారులకు హెచ్చరిక

తాతముత్తాతల నుంచి వచ్చిన తుపాకీని పూర్తిగా బాగుచేసి, కొత్త తూటాలతో కాల్చుకునేలా సిద్ధం చేసి ఇస్తామని చెప్పే ఆయుధాల దుకాణం ఒకటి మన ప్రాంతంలో ఉంది. ఫిర్యాదు ఇంకా విచారణలో ఉన్నందున దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే ఆ దుకాణంలో పని చేయించుకున్నవారు, అలాంటి పని ఎక్కడైనా చేయించుకోబోతున్నవారు ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

మాది బర్మింగ్‌హామ్‌లో తయారైన 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ. పలమనేరు వైపు అడవి అంచున ఉన్న మా పొలాల్లో పంట రక్షణ కోసం తాతగారు లైసెన్సు తీసుకుని దీన్ని ఉంచుకున్నారు. ఆయన పోయిన తరువాత తుపాకీని పోలీసు స్టేషనులో అప్పగించాము. వారసునిగా నా పేరిట లైసెన్సు మంజూరైన తరువాతే అది తిరిగి ఇంటికి వచ్చింది. దీని గొట్టాలు డమాస్కస్ రకానివి, అంటే ఇనుము, ఉక్కు కడ్డీలను మెలిపెట్టి, చుట్టలుగా చుట్టి, కొలిమిలో అతికి చేసినవి. వాటి మీద నీటి అలల వంటి గీతలు ఉండేవి. క్లబ్బు రేంజిలో కాగితపు గురి మీద అప్పుడప్పుడు కాల్చాలన్నదే నా ఉద్దేశం కనుక, ముందుగా జాగ్రత్తగా పరీక్షించి ఇమ్మని దుకాణానికి అప్పగించాను.

తిరిగి ఇచ్చినప్పుడు తుపాకీ కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతూ ఉంది. అలల గీతలు కనబడలేదు. గొట్టాల అడుగున ఉన్న పరీక్షా ముద్రలు (గొట్టం ఏ మందును తట్టుకుంటుందో పరీక్షించి కొట్టినవి) సగానికి సగం అరిగిపోయాయి. రసీదులో "ఫుల్ సర్వీస్" అన్న రెండు మాటలు, మొత్తం సొమ్ము తప్ప మరేమీ లేవు. దానితోపాటు 70 మిల్లీమీటర్ల తూటాల పెట్టె ఒకటి అమ్మి, "12 బోరుకు 12 బోరే, నిశ్చింతగా కాల్చుకోండి సార్" అన్నారు.

రేంజిలో మా శిక్షకులు, సైన్యంలో ఆయుధాల మరమ్మతు పనిచేసి విరమించిన పెద్దాయన, తూటా పెట్టనివ్వలేదు. గొట్టాలను విడదీసి, కొక్కేనికి వేలాడదీసి, చెక్క పిడితో మెల్లగా తట్టారు. రెండు గొట్టాలనూ కలిపి ఉంచే పట్టీలు గట్టిగా అతికి ఉంటే గుడిగంటలా మోగాలట. మావి పగిలిన కుండలా పలికాయి. కారణం ఆయన చెప్పారు. పాత డబుల్ బ్యారెల్ తుపాకుల్లో ఆ పట్టీలను మెత్తని టంకంతో అతుకుతారు. ఆధునిక పద్ధతిలో నల్లరంగు తేవడానికి గొట్టాలను మరిగే కాస్టిక్ లవణాల ద్రావణంలో ముంచితే, ఆ ద్రావణం టంకాన్ని తినేస్తుంది. పట్టీల సందుల్లో మిగిలిపోయిన లవణం లోలోపల తుప్పు పట్టిస్తుంది. డమాస్కస్ గొట్టాలకు నిదానంగా తుప్పును ఎక్కించి, తుడిచి రంగు తెచ్చే పాత పద్ధతే తగినది. పని తెలిసినవారెవరూ వీటిని మరిగే తొట్టిలో వేయరు. దుకాణం వారికి పని తెలియదో, తెలిసే త్వరగా ముగించారో నేను చెప్పలేను గానీ, గీతలు కనబడకుండా పోవడం వల్ల ఆ తుపాకీని రేపు కొనేవారికి అవి ఏ గొట్టాలో తెలిసే అవకాశం కూడా పోయింది.

దీనికంటే ప్రమాదకరమైనది తూటాల సంగతి. గేజితో కొలిస్తే మా తుపాకీ చాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు 65 మిల్లీమీటర్లే. పెట్టె మీద రాసే 70 మిల్లీమీటర్లు పేలిన తరువాత తూటా గొట్టం తెరుచుకున్నప్పటి పొడవు. మూతి మడిచి ఉన్న కొత్త తూటా అంతకంటే పొట్టిగా ఉంటుంది కనుక పొట్టి చాంబర్‌లో కూడా హాయిగా దూరిపోతుంది, తుపాకీ చక్కగా మూసుకుంటుంది. పేలినప్పుడు మాత్రం ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలక, ముందున్న ఇరుకులోకి చొచ్చుకుపోయి, గుళ్ల దారిని బిగించి ఒత్తిడిని పెంచుతుంది. పైగా అరగగా మిగిలిన ముద్రల్లో నైట్రో పరీక్షకు గుర్తైన ఎన్.పి. అక్షరాలు ఎక్కడా లేవు. అంటే ఈ గొట్టాలు నల్లటి పొగమందుకు పరీక్షించినవే తప్ప, నేటి పొగరాని మందుకు పరీక్షించినట్టు ఆధారం లేదు. డమాస్కస్ అన్నంత మాత్రాన పనికిరానిదని కాదు, నైట్రో పరీక్షలో నెగ్గినవీ ఉన్నాయి. కానీ ముద్ర చూడకుండా, గొట్టం గోడ మందం కొలవకుండా, తళతళలాడుతున్నదని దాన్ని భుజానికి ఆనించడం ముఖానికి, ఎడమ చేతికి ముప్పు. గొట్టం పగిలితే ముందుగా దెబ్బతినేది దాన్ని పట్టుకున్న చెయ్యే.

దుకాణం వారిని అడిగితే, గొట్టాలు అంతకు ముందే అలా ఉన్నాయన్నారు. నేను ముందుగా తీసి ఉంచిన ఫోటోలు చూపిన తరువాత, "ఇది పురాతన వస్తువు సార్, గోడకు పెట్టుకోండి, దీనికి లైసెన్సు కూడా అక్కరలేదు" అన్నారు. ఈ మాట నమ్మి ఇబ్బందుల్లో పడకండి. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షను మినహాయించేది, మరమ్మతు చేసినా కాల్చడానికి వీలుపడని పాత ఆయుధాలను మాత్రమే. తూటా పెట్టి కాల్చగలిగినది ఎంత పాతదైనా లైసెన్సు కావలసిందే. వారు కాల్చడానికి సిద్ధం చేశామని సొమ్ము తీసుకున్నదే దీనికి సాక్ష్యం!

ఇంకొక సంగతి. దుకాణం కుర్రవాడొకడు, ముందు కొండల వైపు వెళ్లి ఒకటి రెండు కాల్చి చూసుకోమని కూడా సలహా ఇచ్చాడు. శేషాచలం అంచుల్లోనో, కౌండిన్య అభయారణ్యం పక్కనో తుపాకీతో కనబడితే ఆయుధ చట్టంతోపాటు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా మెడకు చుట్టుకోవచ్చు. ఎర్రచందనం దొంగల కోసం గస్తీ తిరిగేవారు పేలుడు విని మన ఉద్దేశాలు అడుగుతూ కూర్చోరు.

పని అప్పగించే ముందు ఆ దుకాణానికి మరమ్మతు లైసెన్సు ఉన్నదో లేదో చూడండి, ఎందుకంటే ఆయుధ చట్టం ప్రకారం అమ్మకానికే కాదు, మరమ్మతుకూ పరీక్షకూ లైసెన్సు ఉండాలి. గొట్టాలకు, ముద్రలకు దగ్గరగా ఫోటోలు తీసుకోండి. చాంబర్ పొడవు, గోడ మందం, రంగు వేసే పద్ధతి రసీదులో రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే తుపాకీని వెనక్కి తెచ్చుకోండి. ఈమధ్య ఎక్కడైనా నల్లరంగు వేయించుకుని, "ఫుల్ సర్వీస్" అని మాత్రమే రాసిన రసీదు తెచ్చుకున్నవారు పట్టీలను తట్టి పరీక్షింపజేసి, చాంబర్ కొలిపించేంతవరకు అందులో ఏ తూటా పెట్టవద్దు. కొన్న 70 మిల్లీమీటర్ల పెట్టెను విప్పకుండా రసీదుతో సహా భద్రపరచండి, ఫిర్యాదులో అది పనికివస్తుంది.