ఎండుమిర్చా, పచ్చిమిర్చా? న్యూ మెక్సికోలో తిరిగొచ్చాం

డాలస్‌లో ఉండే మనవాళ్లకి న్యూ మెక్సికో అంటే కొలరాడో వెళ్తూ గ్యాస్ కొట్టించుకునే రాష్ట్రం. సెప్టెంబరులో మేం దాన్నే చూద్దామని బయల్దేరాం, అత్తయ్యగారితో సహా.

ముందు వైట్ శాండ్స్. 2019లో నేషనల్ పార్క్ హోదా వచ్చింది. దాదాపు 275 చదరపు మైళ్ల మేర తెల్లటి దిబ్బలు. మామూలు ఇసుక కాదు, జిప్సం. అందుకే ఎండలో కూడా చెప్పుల్లేకుండా హాయిగా నడిచాం. రాష్ట్ర పుష్పమైన యక్కాని ఇక్కడే చూడాలి. దిబ్బ పెరిగి మీదికొచ్చేకొద్దీ కాండాన్ని పైకి సాగదీసుకుంటూ బతికేస్తుంది, మొండి మొక్క! పిల్లలు జారడానికి ప్లాస్టిక్ పళ్లేలు గిఫ్ట్ షాపులో అమ్ముతారు, అడుక్కి మైనం రాస్తేనే జారతాయి. విజిటర్ సెంటర్ దాటితే చుక్క నీళ్లు దొరకవు. పక్కన మిస్సైల్ రేంజ్ ఉంది కాబట్టి పరీక్షలప్పుడు రోడ్డు మూసేస్తారు, బయల్దేరేముందు వెబ్‌సైట్ చూసుకోండి. లోపల బస లేదు. ఆలమొగార్డోలో మేం దిగిన మోటల్లో ఏసీ రాత్రంతా గిర్రుమంటూనే ఉంది. గది మాత్రం శుభ్రం, ధరకి ఓకే.

శాంటా ఫే సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది. అమెరికాలో ఇంత ఎత్తులో ఇంకో రాష్ట్ర రాజధాని లేదు. చేరిన పూటే అత్తయ్యగారికి తల పట్టేసింది. పెద్దవాళ్లతో వెళ్తే మొదటిరోజు ప్లాన్లు పెట్టుకోవద్దు. ప్లాజా చుట్టూ హోటళ్లు జేబుకి భారం, పైగా చాలాచోట్ల పార్కింగ్‌కి వేరే గుంజుతారు. మేం ఆల్బుకర్కీలో బస చేసి, అక్కణ్ణుంచి శాంటా ఫేకి రైల్ రన్నర్ రైలెక్కాం. పెట్టెల మీద రాష్ట్ర పక్షి రోడ్‌రన్నర్ బొమ్మ ఉంటుంది. టికెట్ చవక, కానీ రైళ్లు తక్కువ, తిరుగు టైము రాసిపెట్టుకోండి.

శాసనసభ భవనం గుండ్రంగా ఉంటుంది, టికెట్ లేదు, లోపల గోడల నిండా స్థానికుల చిత్రాలు. పైనుంచి చూస్తే జియా సూర్యుడి ఆకారమట. 1925 నుంచి పసుపు జెండా మీద ఎర్రగా ఉన్నదీ ఆ సూర్యుడే, నాలుగు వైపులా నాలుగేసి కిరణాలు. అది అసలు జియా ప్యూబ్లో ఆదివాసీలది. తమని అడక్కుండా ప్రతి సరుకు మీదా వాడేయడం వాళ్లకి నచ్చదు, న్యాయమే కదా. 1610 నాటి గవర్నర్ల భవనం వరండాలో ఆదివాసీలు తాము చేసిన నగలు తామే అమ్ముకుంటారు. రాష్ట్ర రత్నం టర్కాయిస్ అక్కడే కొన్నాం. బేరమాడాలని నోటిదాకా వచ్చింది గానీ, చేసిన మనిషి ఎదుటే కూర్చుంటే మనసొప్పలేదు.

ఇక తిండి. ఈ రాష్ట్రానికి అధికారికంగా ఒక ప్రశ్న కూడా ఉంది: ఎరుపా, ఆకుపచ్చా? అంటే ఎండుమిర్చి సాసా, పచ్చిమిర్చి సాసా అని. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. మిరపకాయల సీజన్‌లో దుకాణాల ముందు ఇనుప జల్లెడ డ్రమ్ములో మిరపకాయలు తిప్పుతూ మంట మీద కాలుస్తారు. ఆ ఘాటు పార్కింగ్ లాట్ అంతా కమ్మేస్తే, రోటి పచ్చడికి కాలుస్తున్నట్టుందని అత్తయ్యగారు తలనొప్పి మర్చిపోయారు. కారం మనకి చాలదు, రుచి మాత్రం అదుర్స్. శాకాహారులు జాగ్రత్త: సాసుల్లో మాంసం, బీన్స్‌లో పంది కొవ్వు పడొచ్చు. రాష్ట్ర కుకీ బిస్కోచీటోలో సోంపు, దాల్చినచెక్క వాసన బ్రహ్మాండం, కానీ సంప్రదాయంగా చేసేది పంది కొవ్వుతోనే. వెన్నతో చేసినవి ఉన్నాయేమో అడిగి తీసుకోండి.