గులాబీ రబ్బరు మీద ‘శ్రీ’: చెక్కుడు కిట్టు మూడు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నాను. రబ్బరు మీద అక్షరాలూ బొమ్మలూ చెక్కి సొంతంగా స్టాంపు చేసుకునే ఈ కిట్టు రబ్బరు దిమ్మ కోసమైతే కొనండి, అందులో ఇచ్చే ఇంకు ప్యాడ్ కోసమైతే వద్దు. శ్రావణంలో మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి 120 పూతరేకుల పెట్టెలకి ట్యాగులు దీంతోనే చేశాను. ఆ చేసిన అనుభవమే రాస్తున్నాను.

రాజోలు నుంచి వదిన ఫోన్ చేసి, “పెట్టెలు ఆత్రేయపురంలో చెప్పేశాం. మీద కట్టడానికి చిన్న కార్డు ముక్క ఏదైనా నువ్వు చేసిపెట్టకూడదూ? అచ్చేయించినవైతే అందరిళ్ళల్లోనూ ఒకలాగే ఉంటున్నాయి” అంది. అప్పటిదాకా నేను స్కూలు పిల్లలు వాడే తెల్ల రబ్బరు మీద బ్లేడుతో చిన్న చిన్న పువ్వులు చెక్కేదాన్ని. పేరూ బొమ్మా కలిపి వెయ్యాలంటే ఆ ముక్క చాలదు. అందుకని ఆన్‌లైన్‌లో ఈ కిట్టు తెప్పించాను. 900 రూపాయల లోపే పడింది. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు, పావంగుళం మందంతో గులాబీ రంగు దిమ్మ ఒకటి, పిడికి మార్చి మార్చి తగిలించుకునే ఐదు బ్లేడులు, ఒక ట్రేసింగ్ కాగితం, ఒక మెరూన్ ఇంకు ప్యాడ్ వచ్చాయి.

రబ్బరు సంగతి చెప్పాలంటే, బాగా కుదిరిన జున్నుముక్కలో చెంచా దిగినట్టు దిగుతుంది బ్లేడు. పొడి రాలదు, అంచు చిట్లదు. సన్నటి వి ఆకారం బ్లేడుతో వెంట్రుక మందం గీత కూడా వచ్చింది. చుట్టూ ఖాళీ తియ్యడానికి వెడల్పాటి యు బ్లేడు ఉంది. మిగతా మూడూ నేను పెద్దగా వాడలేదు.

తెలుగు అక్షరాలు చెక్కాలనుకునేవాళ్ళకి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. కిట్టుతో వచ్చిన బొమ్మల కాగితంలో అన్నీ నిలువు గీతలూ అడ్డగీతలే చూపించాడు. మన అక్షరాలేమో గుండ్రాలు. ‘శ్రీ’ ఒక్కటి తీసుకోండి, శ చుట్టు, కింద రావత్తు, పైన గుడిదీర్ఘం, ఒక్కచోటా తిన్నని గీత లేదు. మొదట చెయ్యి తిప్పుతూ చెక్కాను. ప్రతి మలుపు దగ్గరా మూల తేలింది. తర్వాత కుడిచెయ్యి కదల్చకుండా ఉంచి, ఎడమచేత్తో రబ్బరునే మెల్లగా తిప్పడం మొదలుపెట్టాను. అప్పుడు కుదిరింది గుండ్రం. ఎడమచేతి వేళ్ళు మాత్రం ఎప్పుడూ బ్లేడుకి వెనకే ఉండాలి. నా చూపుడువేలి మీద గాటు గుర్తు ఇంకా ఉంది.

ఇంకోటి, స్టాంపు మీద అక్షరం అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. దానికి తలకిందుల లెక్కలేమీ అక్కర్లేదు. ట్రేసింగ్ కాగితం మీద మెత్తగా, నల్లగా రాసే 2బి పెన్సిల్‌తో మామూలుగానే రాసి, రాసిన వైపు రబ్బరుకి ఆనించి, వెనక నుంచి చెంచాతో రుద్దితే చాలు, అదే తిరగబడి అంటుకుంటుంది.

చెక్కేటప్పుడు గీత అడుగున తొలిచెయ్యకూడదు. మన చేలగట్టు చూడండి, అడుగు వెడల్పు, పైన సన్నం. గీత కూడా అలాగే నిలబడాలి. నా మొదటి స్టాంపులో గీతల కింద రబ్బరు లోపలికంటా తీసేశాను. నొక్కినప్పుడల్లా గీత పక్కకి వాలి అచ్చు అలికినట్టయింది. రెండోదానికి బ్లేడు ఏటవాలుగా పట్టి, గీతకి అటొకసారి ఇటొకసారి లాగాను. 120 ట్యాగులూ వేశాక కూడా ఆ ‘శ్రీ’ మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది.

‘శ్రీ’ చుట్టూ ఏం పెట్టాలా అని ఆలోచిస్తే అమ్మ లేసు గుర్తొచ్చింది. అమ్మది నర్సాపురం పక్క పల్లె. పెళ్ళికి ముందు నుంచీ క్రోషా సూదితో అల్లేది. 2024లో నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని చదివి వినిపిస్తే, అల్లుతున్న పువ్వు ఒళ్ళో పెట్టుకుని “మళ్ళీ చదువు” అంది. ఆ పువ్వునే, ఎనిమిది రేకులది, కాగితం మీద పరిచి అంచుల వెంట పెన్సిల్ తిప్పి, అదే రబ్బరు మీదకి ఎక్కించాను. లేసులో ఉన్న చిల్లులన్నీ చెక్కుడులో గుంటలయ్యాయి. రెండు సాయంత్రాలు పట్టింది. అంత సన్నపని కూడా ఈ దిమ్మ తట్టుకుంది.

ఇక ఇంకు. ఇంకుల్లో డై ఇంకు కాగితంలోకి పీల్చుకుపోయి త్వరగా ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు కాగితం పైనే పొరలా నిలుస్తుంది. రంగు చిక్కగా ఉంటుంది కానీ ఆరడం నిదానం. కిట్టులో ఇచ్చింది రెండోది. పెట్టె మీద ఆ ముక్క ఎక్కడా రాయలేదు. మూడురోజులు ముసురు పట్టి, గోడలు కూడా చెమ్మగిల్లుతున్న వారంలో నేను మెరుపు కార్డు మీద 40 ట్యాగులు అచ్చువేసి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టి, పొద్దున్న దొంతర పెట్టాను. సాయంత్రానికి ప్రతి ట్యాగు వీపు మీదా కింది ట్యాగు ‘శ్రీ’ అంటుకుంది. 40కి 40 పోయాయి. కొత్తవాళ్ళకి అమ్మే పెట్టెలో ఏ కాగితం మీద పనికొస్తుందో ఒక్క వాక్యం రాసుంటే ఆ నష్టం ఉండేది కాదు. నాకు కోపం వచ్చింది అందుకే. ఆఫీసుల్లో వాడే ఊదా స్టాంప్ ప్యాడ్ కూడా ప్రయత్నించకండి. ప్యాడ్ ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, కాగితం పీల్చుకుంటేనే అది ఆరుతుంది. మెరుపు కార్డు పీల్చదు.

చివరికి పాలకొల్లులోనే స్టేషనరీ కొట్లో డై ఇంకు ప్యాడ్ కొన్నాను. కాగితం మాత్రం పెళ్ళికార్డులు వేసే ప్రెస్సుకెళ్ళి అడిగాను. మెరుపు లేని 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి కార్డు, అంచులు కత్తిరించగా మిగిలిన ముక్కలు సంచీనిండా ఇచ్చాడు. డబ్బులిస్తుంటే, “ఆయ్, తీసుకెళ్ళండమ్మా, ఎలాగూ తూకానికి వేసేవే” అన్నాడు. ఆ ముక్కల మీద ఇంకు వేసింది వేసినట్టే ఆరింది. కిట్టు ప్యాడ్ కూడా ఈ కార్డు మీదైతే, పైన తెల్లగుడ్డ వేసి తక్కువ వేడి ఇస్త్రీ పెడితే నిలిచింది. అంత ఓపిక 120 ట్యాగులకి ఎవరికుంటుంది?

ప్యాడ్ కింద పెట్టి స్టాంపుని దానిమీద గుద్దకండి. స్టాంపునే బోర్లా కాక వెల్లకిలా పెట్టి, ప్యాడ్‌తో పైన తట్టండి. గుంటల్లోకి ఇంకు దిగదు. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచి కాగితంలో చుట్టి దాచాలి. తెల్ల రబ్బరుతో చేసిన పాత స్టాంపుల్ని నేను ప్లాస్టిక్ డబ్బాలో పెడితే డబ్బాకే కరుచుకుపోయాయి. పిల్లల స్కేలుకి రబ్బరు అతుక్కుపోవడం చూసే ఉంటారు, అదే.

ట్యాగులకి ఒంటి చిల్లు కొట్టి, అమ్మ దగ్గరున్న తెల్ల లేసు దారంతో పెట్టె బయటికి వేలాడేలా కట్టాం. లోపల పెడితే నెయ్యి మరక పడుతుంది. చించినాడ వంతెన మీదుగా రెండు సంచుల్లో రాజోలు తీసుకెళ్ళి ఇచ్చాను. వదిన ఒక్కటి తీసి వేలితో తడిమి, “ఇది అత్తయ్య పువ్వు కదూ” అంది. ఎవరూ చెప్పలేదు తనకి.

రబ్బరుకి ఐదుకి ఐదు మార్కులు. పిడికీ బ్లేడులకీ నాలుగు, ఎందుకంటే ఒకటో నంబరు వి బ్లేడు నెలన్నరకే మొద్దుబారింది. ప్యాడ్‌కి ఒకటి. ఇప్పుడు సంక్రాంతి కార్డుల కోసం జగ్గన్నతోట ప్రభ బొమ్మ గీసుకుంటున్నాను, మా కోనసీమలో పండక్కి వెదురుతో కట్టి ఊరేగించే ప్రభ అది. ఈసారి కిట్టు కాకుండా రెండు దిమ్మలే విడిగా చెప్పాను. ప్రభకి వెదురు బద్దలు సన్నగా పడాలి, అందుకని వి బ్లేడు కూడా ఇంకోటి.